గంజి పెట్టని చీర

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. ధైర్యవంతుణ్ణని చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు, నా పని అలాంటిది. నేను మోటారు పంపులు బాగుచేసేవాణ్ణి. కోయంబత్తూరు పీలమేడులో ఒక పంపుల కంపెనీకి సర్వీసు మనిషిగా చాలా ఏళ్లు ఊళ్లు తిరిగాను. పొలాల దగ్గర జనం ఎన్ని కథలు చెప్పేవాళ్లో. బావిలో ఎవరో మూలుగుతున్నారనేవాళ్లు, పంపు విప్పి చూస్తే బేరింగు అరిగిపోయి ఉండేది. షెడ్డులో లైటు దానంతటదే వెలుగుతోందనేవాళ్లు, స్విచ్చు విప్పితే లోపల చీమలు ఉండేవి. చప్పుడు వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది, విప్పితే దొరుకుతుంది. నాకు తెలిసిన వేదాంతం అంతే.

ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా విప్పి చూశాను. ఎన్నోసార్లు చూశాను. ఏమీ దొరకలేదు.

మాది ఎన్నో తరాలుగా తమిళనాట ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. సర్వీసు పని మీద చిత్తూరు, అనంతపురం వైపు కొన్నేళ్లు ఉన్నప్పుడు బస్సుల మీద బోర్డులు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. అందువల్లే ఇది రాయగలుగుతున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా అమ్మ పేరు అలమేలు. పుట్టిల్లు మదురై, మెట్టినిల్లు పీలమేడు. నేను కాలేజీలో ఉండగానే నాన్న పోయారు. నేనొక్కణ్ణే కొడుకును. నాకు పెళ్లి కాలేదు. రెండు మూడు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి, ఆ తర్వాత అడిగేవాళ్లే మానేశారు. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ, అంతే.

అమ్మకు జబ్బు మొదలైనట్టు నాకు తెలిసింది కూరలమ్మే ఆవిడ వల్ల. అమ్మ ఆవిడతో రోజూ తమిళంలో బేరమాడేది. ఒకరోజు ఆవిడ నన్ను పిలిచి, మీ అమ్మ ఏమిటి ఈ మధ్య నాతో కూడా తెలుగులోనే మాట్లాడుతోంది, నాకేమీ అర్థం కావడం లేదు అంది. నేను నవ్వేశాను. కానీ నిజమే. అమ్మ నోట్లోంచి తమిళం మెల్లగా జారిపోతోంది. తర్వాత వంట జారిపోయింది. తర్వాత వీధి పేరు, నాన్న పోయిన సంగతి, చివరికి నేను.

ఆ మధ్యలో బాత్రూములో పడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంది కానీ అమ్మ మళ్లీ నడవలేదు. నేను కంపెనీలో చెప్పి ఊళ్లు తిరిగే పని వదులుకున్నాను. ఇంటి ముందు వరండాలోనే చిన్న చిన్న మోటార్లు బాగుచేసుకుంటూ అమ్మను చూసుకునేవాణ్ణి.

మొదట్లో స్టెల్లా అని ఒకామె పగటిపూట వచ్చేది. అమ్మకు స్నానం, బట్టలు అంతా ఆమే చూసేది. ఆ సమయంలో నేను గదిలోకి వెళ్లేవాణ్ణి కాను, తలుపు మూసి ఉండేది. కొన్ని నెలలకు స్టెల్లా కూతురి కాన్పు కోసం తిరుప్పూరు వెళ్లింది. వెళ్లినామె తిరిగి రాలేదు. ఇంకొకరి కోసం తిరిగాను. వచ్చినవాళ్లు రెండు రోజులుండి, ఈమె చెప్పేది మాకు తెలియడం లేదని వెళ్లిపోయారు. అమ్మకు తెలుగు తప్ప ఏదీ మిగల్లేదు, వాళ్లకు తెలుగు రాదు.

ఇక నేనే.

ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, అన్నం మెత్తగా పిసికి పెట్టడం, ఇవన్నీ త్వరగానే అలవాటయ్యాయి. మనిషికి ఏదైనా అలవాటవుతుంది. కష్టమైంది చీర. అందరూ నైటీ వేయమన్నారు, నేనూ కొని తెచ్చి వేశాను. అమ్మ నైటీలో ఒక పూట కూడా ఉండలేకపోయింది. దుప్పటి లాక్కుని గుండెల మీద కప్పుకోవడం, అది జారితే మళ్లీ లాక్కోవడం. ఎండాకాలంలో చెమటలు కారుతున్నా దుప్పటి వదిలేది కాదు. నేనెవరో తెలియని మనిషికి, తన ఒంటి మీద చీర లేదన్న సంగతి మాత్రం తెలుస్తోంది. అది చూడలేకపోయాను.

కాబట్టి నేనే చీర కట్టడం నేర్చుకున్నాను. ఫోనులో ఒక వీడియో చూసి నేర్చుకున్నాను, పెళ్లికూతుళ్ల కోసం తీసిన వీడియో అది. మంచం కోడుకు చీర చుట్టి కుచ్చిళ్లు పెట్టడం సాధన చేశాను. మోటారు లోపలి ఆర్మేచరుకు రాగి తీగ చుట్టే చేతులు నావి, గుడ్డ మాత్రం మాట వినదు. అమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, నా భుజానికి ఆనించుకుని, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో చుట్టాలి. కాస్త పైకి లేపి వెనక నుంచి చీర లాగాలి. గంజి పెట్టిన చీరైతే కుచ్చిళ్లు విసనకర్రలా తెరుచుకునేవి. అమ్మకు ముందు నుంచీ గంజి పెట్టి కరకరలాడే చీరలే ఇష్టం. నేను గంజి మానేశాను. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీరలు మూడు నాలుగు పెట్టుకుని అవే మార్చి మార్చి కట్టేవాణ్ణి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా వైపు కొడుకు తల్లికి చీర కట్టడం అనేది లేదు. వింటే నన్ను ఏమీ అనకపోవచ్చు, మెచ్చుకునేవాళ్లు కూడా ఉంటారు. కానీ అమ్మను తలుచుకుని అయ్యో అంటారు, ఆ అయ్యో నాకు వద్దు. మంచిగా ఉన్న రోజుల్లో అమ్మ నా ముందు పైట సర్దుకోవడానికి కూడా గోడ వైపు తిరిగే మనిషి. అందుకని తలుపు మూసి పని కానిచ్చేవాణ్ణి. ఎవరైనా అడిగితే స్టెల్లా వచ్చి వెళ్లిందని చెప్పేవాణ్ణి. రెండు వీధుల అవతల ఉండే కమలా పెద్దమ్మ, మా నాన్న అన్నగారి భార్య, వారానికోసారి వచ్చేది. ఆమెకూ అదే చెప్పాను. మదురైలో ఉండే రామసామి మామకు ఫోనులోనూ అదే చెప్పాను. మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. అక్కడ ఒక పెద్ద బట్టల షాపులో చీరల సెక్షనులో కుర్రతనం నుంచీ పని చేస్తున్నాడు.

అమ్మ నన్ను ఏమనుకునేదో రోజుకో తీరుగా ఉండేది. ఎక్కువగా ఆస్పత్రి మనిషి అనుకునేది. సార్ అని పిలిచేది. కన్నతల్లి సార్ అని పిలుస్తుంటే ఎలా ఉంటుందో నేను రాయలేను. ఒక మధ్యాహ్నం జరిగిన సంభాషణ మాత్రం రాస్తాను, అది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సార్, నా కొడుకు పనికి పోయిండాడు. వాడు వచ్చేదాక ఉంటారా? ఒంటిగా ఉంటే నాకు బయం."

"ఉంటానమ్మా."

"మీకు అమ్మ ఉండాదా సార్?"

"ఉండాదమ్మా."

"ఆమెను ఎవురు చూసుకొంటారు?"

"నేనేనమ్మా."

"పావం, మంచి బిడ్డ," అంది. నా చెయ్యి తట్టింది.

నేనే రంగణ్ణి అని ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా కంగారుపడేది. నా తల వైపు చూసి, వాడికి ఇట్ల నెరవలేదు సార్ అనేది. ఎక్కువగా చెబితే ఏడ్చేది, నా బిడ్డకేమైంది అని. అందుకని చెప్పడం మానుకున్నాను. రోజూ పొద్దున చీర కట్టడం అయ్యాక, కొంగు భుజం మీద సర్ది, ఆమె ముఖంలోకి ఒకసారి చూసేవాణ్ణి. ఒక్కసారి రంగా అంటుందేమోనని. ప్రపంచంలో నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ ఒక్క పిలుపు చాలు అనుకునేవాణ్ణి. అమ్మ మర్యాదగా తల ఊపి, మంచిది సార్ అనేది.

అలా రెండు ఎండాకాలాలు గడిచాయి.

చివరి వారంలో అమ్మ తినడం మానేసింది. డాక్టరు ఇంటికి వచ్చి చూసి, ఇక ఆస్పత్రికి తీసుకెళ్లి హింస పెట్టకండి, ఒకటి రెండు రోజులు అన్నాడు. నేను మామకు ఫోన్ చేయాలనుకున్నాను, చేయలేదు. చేస్తే అది నిజమైపోతుందన్నట్టు ఏదో పిచ్చి. మర్నాడు చూద్దాం అనుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ ఒళ్లు తుడిచి, ఎప్పటి పాత చీరే కట్టాను. ఆమెకు స్పృహ లేదు. భుజానికి ఆనించుకుంటే తల నా మెడ మీదికి వాలిపోయింది. పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది, వీధిలో టిఫిన్ల హడావిడి. ఊపిరి చాలా దూరం దూరంగా వస్తోంది. మధ్యాహ్నం కాబోతుండగా ఒక ఊపిరి వదిలింది, తర్వాతిది రాలేదు. నేను చాలాసేపు దాని కోసం చూస్తూనే ఉన్నాను.

పొద్దుటి నుంచి ఆ క్షణం దాకా నేను గది కదల్లేదు. అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

కమలా పెద్దమ్మ వచ్చింది, బంధువులు వచ్చారు, వాకిట్లో షామియానా వేశారు. మామకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాం. షాపులో సేల్సువాళ్లను ఫోను పెట్టుకోనివ్వరు కాబట్టి చాలా రోజులు మామ దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్తాడు. అత్త పోయాక ఆ ఇంట్లో ఎత్తేవాళ్లు లేరు. షాపు నంబరు నా దగ్గర లేదు. మదురైలో మాకు తెలిసిన ఒకాయనకు చెబితే, సాయంత్రం మామ ఇంటికి వెళ్లి చెబుతానన్నాడు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా వైపు ఆడమనిషి పోతే, భర్త ఉన్నా లేకపోయినా, పుట్టింటి నుంచి చీర రావాలి. అన్నో తమ్ముడో తేవాలి. ఆ చీర కట్టకుండా శవాన్ని గడప దాటించరు. ఎంత ఉన్నవాళ్లైనా, ఎంత లేనివాళ్లైనా ఇది తప్పదు. ఆడపిల్లను పుట్టింటివాళ్లు చివరిదాకా వదల్లేదని దాని అర్థమని అమ్మే ఒకసారి చెప్పింది. మామకు కబురందేదెప్పుడు, బస్సు ఎక్కేదెప్పుడు, ఇక్కడికి చేరేదెప్పుడు. మర్నాటి దాకా ఆగాల్సిందే అన్నారు కొందరు. గాంధీపురం బజారుకు వెళ్లి ఒక చీర కొనుక్కొచ్చి, అమ్మ పుట్టింటి గోత్రంవాళ్లు ఎవరితోనైనా ఇప్పిద్దాం అన్నారు ఇంకొందరు. నన్ను అడిగారు. మీ ఇష్టం అన్నాను. నాకు ఏదీ పట్టడం లేదు.

పొద్దు వాలుతుండగా వీధి చివర ఆటో ఆగింది. రామసామి మామ దిగాడు. చంకలో గుడ్డ సంచి.

కబురు చెబుతానన్నాయన అంత త్వరగా చెప్పాడా అనుకున్నాను. కాదు. మామ నాలుగడుగులు వేసి షామియానా చూశాడు. కుర్చీలు చూశాడు. నిలబడిపోయాడు. అతని ముఖం చూస్తే తెలిసింది, అతనికి ఏమీ తెలియదని. నేను ఎదురు వెళ్లాను. నా భుజం పట్టుకుని అడిగిన మొదటి మాట ఇది.

"అక్కకు ఎప్పుడు అయింది రంగా? పొద్దున బాగుండాదే."

"పొద్దున అంటే?"

"షాపుకు వచ్చిండాదిరా. నువ్వు పిలుచుకొని రాలేదా?"

బాధలో మతి చెదిరి మాట్లాడుతున్నాడనుకున్నాను. ఇంతలో పెద్దమ్మా మిగతావాళ్లూ చుట్టూ చేరారు. మామ గడప మీద కూలబడి, సంచి ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. నేను అతని మాటల్లోనే రాస్తున్నాను.

"షాపు తెరిచి కొంచం పొద్దు అయిండాది. కౌంటరు కాడ అక్క నిలిచిండాది. నేను స్టూలు వేసినా, కూసోలేదు. ఎట్ల వచ్చినావక్కా, రంగడు యాడ అంటే, వస్తాడులే అనె. చుంగుడి చీర చూపీమనె. తీసి పరిచినా. ఇవి వద్దురా, గంజి పెట్టిండాది, మెత్తగా ఉండేది ఇయ్యి అనె. ఏమక్కా, నువ్వా మెత్త చీర అడిగేది అని నవ్వినా. దానికి అక్క ఏమనె తెలుసునా? రంగడు కదరా నాకు కట్టేది. గట్టి చీరైతే వానికి కుచ్చిళ్లు నిలవవు. దినమూ సంకటపడతా ఉండాడు, పావం, అనె. కింద అరలో ఉండే చీర చూపించె. ఇది ఎత్తుకొని ఇంటికి వచ్చెయ్యి అనె. నేను వంగి తీసి, లేచి చూస్తే లేదు."

షాపంతా వెతికాడట. బయటికి వచ్చి వీధి రెండు కొసలా చూశాడట. నేను అమ్మను కళ్లాసుపత్రికో దేనికో తీసుకొచ్చి ఉంటాననుకున్నాడట. తర్వాత అతనికి తోచింది, తుంటి విరిగిన మనిషి ఎలా నిలబడింది అని.  షాపులో చెప్పి, చీర తీసుకుని, ఇంటికి కూడా పోకుండా నేరుగా కోయంబత్తూరు బస్సు ఎక్కాడు.

 మామ నా వైపు చూశాడు.

"ఏమిరా రంగా, చీర నువ్వా కట్టేది? స్టెల్లా కదా అంటివి."

 చెప్పాల్సిన పని లేకపోయింది. కమలా పెద్దమ్మ నా చేతుల వైపు చూస్తోంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మధ్యాహ్నం నుంచి పద్ధతిగా ఏడ్చిన ఏడుపు కాదది.

ఆడవాళ్లు అమ్మకు స్నానం చేయించారు. చీర కట్టాల్సిన సమయానికి మామ సంచి నా చేతిలో పెట్టాడు. వంకాయ రంగు చుంగుడి చీర, మదురైలో ముడులు వేసి అద్దే నూలు చీర, మీద చిన్న తెల్ల చుక్కలు. ఎవరో ముసలావిడ, కొడుకు కట్టేది యాడైనా ఉండాదా అంది. మామ ఆమెకు మెల్లగానే చెప్పాడు. "అక్క చెప్పి పంపిండాది. వాడే కట్టనీండి."

ఆడవాళ్లంతా బయటికి వెళ్లి తలుపు దగ్గరికి లాగారు. ఎప్పటిలాగే అమ్మా నేనూ మిగిలాం. ఎప్పటిలాగే భుజానికి ఆనించుకున్నాను. ఒళ్లు బిగుసుకుపోతోంది, చేతులు వంగడం లేదు. చీర మాత్రం కొత్తదైనా మెత్తగా ఉంది. కుచ్చిళ్లు పెట్టాను, నిలిచాయి. కొంగు సర్ది ముఖంలోకి చూశాను. అలవాటు. తర్వాత అక్కడే మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. అంతవరకూ ఏడవలేదు.

కర్మలు అయ్యాక, నెత్తి మీద జుట్టు ఇంకా సరిగా మొలవకముందే, నేను మదురై వెళ్లాను. ఏడ్చే మనిషిలా కాదు, సర్వీసు మనిషిలా వెళ్లాను. విప్పి చూడాలి కదా.

షాపు కిటకిటలాడుతోంది. మామ కౌంటరు ఒక లావు స్తంభం పక్కన ఉంది. కెమెరాలున్నాయి, కానీ అప్పటి రికార్డు చెరిగిపోయిందన్నారు. ఉన్నా ఆ స్తంభం అడ్డం వచ్చేది. పక్క కౌంటరులో ఉండే అమ్మాయిని అడిగాను. ఆ రోజు మామ ఎవరితోనో మాట్లాడుతూ చీరలు పరచడం చూసిందట. ఇదా అక్కా, అదా అక్కా అనడం వినబడిందట. ఎదుట ఎవరున్నారో చూశావా అంటే, ఎవరో ఒకరుంటారు కదండీ, ఖాళీ కౌంటరు ముందు ఎవరు చీరలు పరుస్తారు అంది. అయినా ఆ షాపులో వచ్చిన ప్రతి ఆడమనిషినీ అక్కా అనే పిలుస్తారు. అమ్మ వయసున్న ఎవరో ఒకామె వచ్చి ఉండొచ్చు. మామకు అక్క మీద బెంగ ఉంది, చూపు కూడా అంతంత మాత్రం. ఇంతవరకూ నేను సర్దిచెప్పుకోగలను.

కానీ రంగడు కదా నాకు కట్టేది అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? నేను చీర కడుతున్నానని మామకు తెలియదు. తెలిసిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. స్టెల్లాకు కూడా తెలియదు, ఆమె వెళ్లాకే కదా నేను మొదలుపెట్టింది. తిరుప్పూరులో ఆమె అల్లుడి నంబరు పట్టుకుని మరీ అడిగాను. మామ ఎవరో కూడా ఆమెకు తెలియదు. కుచ్చిళ్లు నిలవకపోవడం, గంజి మానేయడం, ఇవి మూసిన తలుపు వెనక సంగతులు. నేను నిద్రలో కూడా ఎవరికీ చెప్పలేదు.

మామ మీద కూడా అనుమానపడ్డాను, తప్పేముంది. ఇల్లు చేరాక నా చేతులు చూసి, పెద్దమ్మ ముఖం చూసి, ఏదో కల్పించి చెప్పాడా అని. కానీ అతను చెప్పింది ముందు, మేము తెల్లబోయింది తర్వాత. పైగా చీర సంచిలో ముందే ఉంది. పుట్టింటి చీర, మెత్తది, అడగకుండానే. మామ మాత్రం దీని గురించి బుర్ర పాడుచేసుకోవడం లేదు. అక్క వచ్చె, చెప్పె, నేను తెస్తిని, అంతే రా అంటాడు. ఆ తర్వాత టీ తాగుదాం రా అంటాడు.

నేను మళ్లీ పనిలోకి వెళుతున్నాను. కంపెనీవాళ్లు తీసుకున్నారు, ఊళ్లు తిరగమని పంపడం లేదు. అందరూ, చేయాల్సింది చేశావు, ఇక నీ బతుకు నువ్వు చూసుకో అంటారు. ఏది నా బతుకో తెలియడం లేదు. పొద్దున స్నానం వేళకు చేతులు ఊరికే ఉండవు. ఫ్యాను కాస్త వేగంగా తిరిగితే లేచి తగ్గిస్తాను, అమ్మకు చలి అని. బజారులో మెత్తటి అరటిపళ్లు చూస్తే చెయ్యి వాటి మీదికే పోతుంది. తలుపు తీసేటప్పుడు, ఎవరూ లేని ఇంట్లోకి, నేనేనమ్మా అంటున్నాను. ఆమె ఉన్నప్పుడు అలసిపోయి, ఎప్పుడు విడుదల అనుకున్న రోజులున్నాయి. విడుదలంటే ఇదని ఎవరూ చెప్పలేదు.

దెయ్యాలున్నాయా అని అడిగితే ఇప్పటికీ లేవనే అంటాను. ఆ పొద్దున మదురైలో ఏం జరిగిందని అడిగితే తెలియదంటాను. విప్పాను, అన్ని భాగాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను, మళ్లీ బిగించడం చేతకావడం లేదు.

అమ్మకు నేనెవరో తెలుసు. ఆ మాట ఒక్కటి నాకు దక్కింది, దాన్ని ఎవరూ తీసుకోలేరు. రోజూ తన్ను భుజానికి ఆనించుకున్నది ఆస్పత్రి మనిషి కాదని, రంగడని, వాడికి కుచ్చిళ్లు రావని, వాడు కష్టపడుతున్నాడని తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. మొదటి నుంచీ తెలుసా, సిగ్గుపడి తెలియనట్టు ఉండిందా, లేక ఆ చివరి పొద్దునే తెలిసిందా? సార్ అని పిలిచిన ఒక్కో రోజునూ తలుచుకుని వెతుకుతుంటాను.

అంత దూరం వెళ్లి తమ్ముడికి నా పేరు చెప్పింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను, తన చెయ్యి నా చేతిలోనే ఉంది. ఒక్కసారి రంగా అని ఉంటే పలికేవాణ్ణి.